ఓడిపోయే హక్కు

1996 మార్చి 9 రాత్రి. నల్లగొండలో ఒక మిత్రుడి ఇంట్లో ఇరవై మందిమి ఒకే టీవీ ముందు కూచున్నాం. బెంగళూరులో భారత్, పాకిస్తాన్‌ల ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. వెంకటేశ్ ప్రసాద్ బంతికి ఆమిర్ సొహైల్ వికెట్ పడింది. ఇల్లంతా లేచి గంతులేసింది. నేనూ లేచాను. నేను లేస్తున్నానా లేదా అని నాలుగు తలలు నా వైపు తిరిగాయి. లేచానని తేలాక మళ్లీ టీవీ వైపు తిరిగాయి. అర క్షణం పని అది. భారత జట్టు కెప్టెన్ అజహరుద్దీన్ మా హైదరాబాదీయే. అయినా ఆ రాత్రి ఆ ఇంట్లో పరీక్షకు కూచున్నవాణ్ని నేనొక్కణ్నే.

"ఏం ఖాన్ సాబ్, మీవోళ్లు పోయిన్రు గదా!" అన్నాడొక దోస్తు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ "మీవోళ్లు" అన్న మాట దగ్గరే మా అస్తిత్వ చర్చ అంతా మొదలవుతుంది. ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే "పుట్టుమచ్చ"లో ఈ క్రికెట్ పరీక్ష గురించి రాశాడు. తర్వాత ఆ కవిత చదివినప్పుడు నాకు సంగతి కొత్తగా అనిపించలేదు. దాన్ని తెలుగులో, పైకి, సిగ్గుపడకుండా చెప్పొచ్చన్నదే కొత్త.

అయితే ఆ పరీక్షకు ఒక గది ఉండేది, ఒక గడువు ఉండేది. మ్యాచ్ అయిపోతే పరీక్షా అయిపోయేది. నా వైపు తిరిగిన ఆ నలుగురే తర్వాతి ఈద్‌కు మా ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగారు. అమ్మీ చేతి ఖుర్మా బాగుందని రెండోసారి అడిగి పోయించుకున్నారు. అనుమానం, స్నేహం ఒకే దస్తర్‌ఖాన్ మీద కూచునేవి. ఆ అనుమానాన్ని సోషల్ మీడియా పుట్టించలేదు. ఉన్నదానికి గోడలు తీసేసింది, గడువు తీసేసింది, దాన్ని వ్యాపారంలో సరుకు చేసింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

2021 అక్టోబర్ 24 సంగతి తీసుకుందాం. దుబాయ్‌లో టి20 ప్రపంచకప్ మ్యాచ్. భారత్ 151 పరుగులు చేసింది. పాకిస్తాన్ ఒక్క వికెట్ కూడా పోకుండా కొట్టేసింది. రోహిత్ శర్మ మొదటి బంతికే అవుటయ్యాడు. బుమ్రాకు వికెట్ రాలేదు, జడేజాకు రాలేదు, భువనేశ్వర్‌కు రాలేదు. మహమ్మద్ షమీకీ రాలేదు. అతను 3.5 ఓవర్లలో 43 పరుగులిచ్చాడు. మిగతా వాళ్లు ఓడిపోయారు. షమీ మాత్రం "అమ్ముడుపోయాడు". అతని ఇన్‌స్టాగ్రామ్ ఖాతా కింద ద్రోహి అన్నారు, పాకిస్తాన్ పొమ్మన్నారు. ఒకే జట్టు, ఒకే ఓటమి. పదిమందికి అది ఆటలో ఓటమి, పదకొండోవాడికి మతంలో నేరం.

అదే సాయంత్రం ఆటకు ముందు భారత ఆటగాళ్లు మైదానంలో మోకాళ్ల మీద కూచున్నారు. నల్లజాతి ప్రజల పోరాటానికి సంఘీభావంగా. మంచిదే. అయితే తమ మధ్యనే ఉన్న మనిషి మీద ఆ రాత్రే దాడి మొదలైతే బోర్డు ఏం చేసింది? రెండు రోజుల తర్వాత షమీ ఫొటో ఒకటి, రెండు మూడు ధైర్యవచనాలు పోస్టు చేసింది. దాడి చేసింది ఎవరో, ఏ పేరు చూసి చేశారో అందులో లేదు. కెప్టెన్ విరాట్ కోహ్లీ అక్టోబర్ 30న విలేకరుల ముందు ఆ మాట అన్నాడు. మతం పేరుతో మనిషి మీద దాడి చేయడం కన్నా హీనమైనది లేదని చెప్పాడు. ఆ మాట అన్నందుకు అతని పదినెలల కూతురి మీద అత్యాచారం చేస్తామని ట్విట్టర్‌లో బెదిరింపు వచ్చింది. ఆ ఖాతా పాకిస్తాన్‌దని మొదట ప్రచారం జరిగింది. ముంబై పోలీసులు వెతుక్కుంటూ వచ్చింది మాత్రం మన సంగారెడ్డి ప్రాంతానికి, ఒక చదువుకున్న కుర్రాడి ఇంటికి. ఆ కేసును తర్వాత బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఆ కుర్రాడి పేరు మనకు అనవసరం. విషం ఎక్కడో సరిహద్దు అవతల తయారవుతున్నదని నమ్మడం మనకు హాయిగా ఉంటుంది. అది తెలుసుకుంటే చాలు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. అదే ఏడాది జూలైలో యూరో ఫైనల్లో పెనాల్టీలు తప్పిన రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాలను రంగు పేరుతో తిట్టారు. అక్కడ పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. ఇంటర్నెట్‌లో ఆటగాళ్లను జాతి పేరుతో దూషించినవాళ్లను స్టేడియాలకు రాకుండా నిషేధించేలా 2022లో చట్టం మార్చారు. జబ్బు అక్కడ నయమైందని కాదు, జబ్బుకు పేరు పెట్టారు. మన దగ్గర పేరు పెట్టడానికే నోరు రాదు.

ఆ మ్యాచ్ రాత్రి మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. మా అబ్బాయి స్థానిక క్లబ్బులో బౌలింగ్ చేస్తాడు. బాబర్ ఆజమ్ కొట్టిన ఒక కవర్ డ్రైవ్ వాడికి నచ్చింది. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. నేను చూశాను. "నికాల్ దో బేటా" అన్నాను. వాడు అర్థం కానట్టు చూశాడు. "అచ్ఛా షాట్ థా నా అబ్బూ. బస్, ఇత్నాఇచ్" అన్నాడు. నేను గొంతు పెంచాను. వాడు తీసేశాడు. భావప్రకటనా స్వేచ్ఛ గురించి పాతికేళ్లుగా వ్యాసాలు రాస్తున్న జర్నలిస్టుని నేను.

మూడు రోజుల తర్వాత ఆగ్రా వార్త వచ్చింది. పాకిస్తాన్ గెలుపు మీద వాట్సాప్ స్టేటస్ పెట్టారన్న ఆరోపణతో ముగ్గురు కాశ్మీరీ విద్యార్థులను అరెస్టు చేశారు. రాజద్రోహం సెక్షన్ కూడా చేర్చారు. 2022 మార్చి 30న అలహాబాద్ హైకోర్టు బెయిలిచ్చేదాకా, అయిదు నెలలు జైల్లో ఉన్నారు. దేశ ఐక్యత గాలికి వంగిపోయే వెదురుపుల్లలతో కట్టింది కాదని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త చదివి నేను చేసిందే సరైందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. 1996లో నా తల వైపు తిరిగిన నాలుగు తలలు ఇప్పుడు నా మెడ మీదే ఉన్నాయి. నా కొడుకుని నేనే చూస్తున్నాను.

స్టేటస్ 24 గంటల్లో దానంతటదే పోతుంది. దాన్ని తీసిన స్క్రీన్‌షాట్ పోదు. ఆ రోజు నేను చప్పట్లు కొట్టానో లేదో ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరు. నా కొడుకు తరానికి ఆ రక్షణ లేదు.

ఇక ఇందులో డబ్బు సంగతి. ఐపిఎల్ 2023-27 ప్రసార హక్కులను 2022 జూన్‌లో మొత్తం 48,390 కోట్లకు అమ్మారు. భారత ఉపఖండానికి సంబంధించి మొదటిసారి డిజిటల్ హక్కుల ధర టీవీ హక్కుల ధరను దాటింది. అంటే ఆట ఇల్లు మారి ఫోన్‌లోకి వచ్చేసింది. ఫోన్‌లో ఆట మూడు గంటలే. మిగతా ఇరవై ఒక్క గంటలు ఆట చుట్టూ మాట. ఎవరు ఎంతసేపు తెర మీద కళ్లు నిలిపారన్నదే అక్కడ లెక్క. మెచ్చుకున్నవాడూ తిట్టినవాడూ ఆ లెక్కలో సమానమే. తిట్టుకు పదిమంది జవాబు చెప్తారు గనక తిట్టే ఎక్కువ దూరం పోతుంది. ప్రతి కోపం పక్కన ఒక ప్రకటన ఉంటుంది. మతద్వేషం ఈ పరిశ్రమకు లక్ష్యం కాకపోవచ్చు, ఖర్చు మాత్రం కాదు.

2025 ఆసియా కప్ చూడండి. పహల్గామ్ మారణకాండ తర్వాత పాకిస్తాన్‌తో ఆడొద్దని, మ్యాచ్‌ను బహిష్కరించాలని సోషల్ మీడియా నిండా పిలుపులు. మ్యాచ్ ఆగలేదు. సెప్టెంబర్‌లో రెండు జట్లు ఒకసారి కాదు, మూడుసార్లు ఆడాయి. ప్రకటనలు వచ్చాయి, డబ్బులొచ్చాయి. ఆటగాళ్లు చేతులు మాత్రం కలపలేదు. వ్యాపారానికి మ్యాచ్ కావాలి, ఫోన్‌కు పౌరుషం కావాలి. రెండూ దొరికాయి. మధ్యలో పోయింది ఒక కరచాలనం. దాని బరువు ఈ దేశంలో ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

సోషల్ మీడియా ఆటగాడికి మేలు చేయలేదా అంటే చేసింది. ఒకప్పుడు ఆటగాడి గురించి పత్రికలో నాలాంటివాడు రాస్తేనే లోకానికి తెలిసేది. ఇప్పుడు అతనికి సొంత నోరుంది. టోలీచౌకీలో ఆటో నడిపే తండ్రి కొడుకు మహమ్మద్ సిరాజ్ తన కథ తానే చెప్పుకున్నాడు. ఐపిఎల్‌లో 2019లో పరుగులెక్కువిస్తే, క్రికెట్ మానేసి మీ నాన్నతో ఆటో నడుపుకో అని తిట్టారని చెప్పాడు. ఆ తిట్టులో మతం లేదు, వర్గం ఉంది. గల్లీ నుంచి వచ్చిన ముస్లిం పిల్లవాడికి ఆ రెండూ కలిసే వస్తాయి. 2020 నవంబర్‌లో తండ్రి పోయినప్పుడు అతను ఆస్ట్రేలియాలో ఉన్నాడు, మట్టికి రాలేకపోయాడు. జనవరిలో సిడ్నీలో ప్రేక్షకులు కొందరు అతన్ని దూషించారు. అతను అంపైర్లకు చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగురిని స్టేడియం బయటికి పంపారు. మైదానంలో అతను వెళ్లి చెప్పుకోడానికి ఒక అంపైరైనా ఉన్నాడు. ఫోన్‌లో అంపైర్ లేడు.

పైగా ఆ సొంత నోరు కూడా పూర్తిగా సొంతం కాదు. దానికి కోట్లమంది అనుచరులు, ఆ సంఖ్యను చూసి వచ్చిన కంపెనీలు. బూట్ల గురించి మాట్లాడొచ్చు, శీతలపానీయం గురించి మాట్లాడొచ్చు. తన పేరు గురించి మాట్లాడితే వ్యాపారం దెబ్బతింటుంది. మన ముస్లిం ఆటగాళ్ల మౌనాన్ని పిరికితనమని తొందరపడి అనకండి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2025 మార్చిలో రంజాన్ నెల. దుబాయ్‌లో ఆస్ట్రేలియాతో సెమీఫైనల్ ఆడుతూ షమీ బౌండరీ దగ్గర ఏదో తాగిన ఫొటో వచ్చింది. బరేలీలో ఒక మౌలానా అది గునాహ్ అన్నాడు, షమీ నేరస్తుడన్నాడు. మనవాళ్లూ ఆ మాటను ఫోన్ నుంచి ఫోన్‌కు మోశారు. ప్రయాణంలో ఉన్నవాడు తర్వాత పూరించుకోవచ్చన్న వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా మోశారు. 2021లో చాలినంత భారతీయుడు కాదన్నారు. 2025లో చాలినంత ముసల్మాన్ కాదన్నారు. సానియా మీర్జాకూ ఇదే అయింది. 2005లో ఆమె స్కర్టు పొడవు కొలిచినవాళ్లు మనవాళ్లు. 2014లో తెలంగాణ ప్రచారకర్తగా నియమిస్తే పాకిస్తాన్ కోడలన్నవాళ్లు అవతలివాళ్లు. కొలత టేపు వేరు, కొలిచే చేతుల ధీమా ఒక్కటే. పాకిస్తాన్‌లో 2021 సెమీఫైనల్లో క్యాచ్ వదిలేసిన హసన్ అలీని షియా అని, పెళ్లాం హిందుస్తానీ అని తిట్టారు. 2022లో క్యాచ్ వదిలేసిన మన అర్ష్‌దీప్ సింగ్‌ను ఖలిస్తానీ అన్నారు. ఎక్కడ ఎవరు తక్కువమంది ఉంటారో అక్కడ వాళ్ల చేతిలోంచి జారిన క్యాచ్ బరువెక్కువ.

లౌకికవాద మిత్రులకు ఒక మాట. మమ్మల్ని ఎవరైనా అనుమానిస్తే మీరు వెంటనే "షమీని చూడండి, సిరాజ్‌ను చూడండి" అంటారు. 2023 ప్రపంచకప్‌లో షమీ ఏడు మ్యాచ్‌ల్లో 24 వికెట్లు తీశాడు. అప్పుడు మీ స్టేటస్‌ల నిండా అతనే. మీ మనసు మంచిదే. అయితే ఆ మెచ్చుకోలులో కూడా ఒక లెక్క ఉంది. 24 వికెట్లు తీసినవాడు మనవాడు. మరి వికెట్ తీయనివాడు? అసలు బంతే పట్టనివాడు, పంక్చర్ షాపులో పనిచేసేవాడు, ఆగ్రాలో స్టేటస్ పెట్టినవాడు? పౌరసత్వానికి బౌలింగ్ సగటుతో పనేమిటి?

2025 ఆగస్టు 3 ఆదివారం. లండన్‌లో ఓవల్ టెస్టు. 19 పరుగుల దగ్గర హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని సిరాజ్ పట్టాడు, పట్టి బౌండరీ తాడు మీద కాలేశాడు. క్యాచ్ సిక్సరయింది. బ్రూక్ సెంచరీ కొట్టాడు. ఆ రాత్రి మ్యాచ్ ఇంగ్లండ్ వైపు ఒరిగింది. నేను ఫోన్ తెరవలేదు. తెరవడానికి భయమేసింది. మర్నాడు సిరాజ్ చివరి నాలుగు వికెట్లలో మూడు తీశాడు, భారత్ ఆరు పరుగులతో గెలిచింది. హైదరాబాద్ అంతా పండగ. మా అబ్బాయి స్టేటస్‌లో సిరాజ్. ఈసారి నేను తీసేయమనలేదు.

అయినా నా మనసు ఆదివారం రాత్రి దగ్గరే ఆగిపోయింది. ఆ ఆరు పరుగులు ఇంగ్లండ్ కొట్టి ఉంటే? తాడు మీద కాలేసినవాడి పేరు సిరాజ్ కాబట్టి, సోమవారం మా గల్లీ పిల్లలకు ఎన్ని ప్రశ్నలు ఎదురయ్యేవి? గెలిచినప్పుడు భారతీయులం కావడం మాకు కష్టమేమీ కాదు. మేం అడిగేది ఓడిన రోజున కూడా అందరితోపాటు భారతీయులుగానే తలవంచుకుని ఇంటికి వెళ్లే హక్కు. క్యాచ్ వదిలేసినవాణ్ని క్యాచ్ వదిలేశాడనే తిట్టండి. మేమూ తిడతాం.