పెళ్లిపీట మీద మహేశం

ఈ వేసవిలో దుర్గిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో కూర్చుని 'కన్యాశుల్కం' కథ చెబుతున్నాను. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వకుండా ఆపడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తాను గుంటూరు శాస్త్రుల్లునని చెప్పుకుని, ఆ ముసలాడికే అమ్ముతాడు. అక్కడ అందరం నవ్వాం. గుంటూరు పేరు విని పెద్దమ్మ మరీ నవ్వింది. తొమ్మిదో తరగతి చదివే ఆమె మనవరాలు మాత్రం, "పిన్నీ, ఆ పిల్లోడికి భయమెయ్యలా?" అంది.

"పారిపోయాడు కదే" అంది పెద్దమ్మ.

"పారిపోయేదాకా?"

ఏళ్ల తరబడి ఈ నాటకాన్ని పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. స్త్రీవాదులం మనమూ మధురవాణి గురించి, బుచ్చమ్మ గురించే రాశాం. నాటకమంతా సుబ్బి పెళ్లి కోసమే నడిచినా సుబ్బి అన్న మాట ఒక్కటైనా మనకి గుర్తుందా? విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 శుల్కం పెళ్లిళ్ల లెక్కని గురజాడ తన ఇంగ్లీషు ముందుమాటలో ఇచ్చాడు. వాళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇంత ఘోరం రంగస్థలం మీద హాస్యం కాగలిగిందంటే, పీట మీద ఆడపిల్ల లేదు గనకే. (గురజాడని తప్పుపట్టడం లేదు. సుబ్బినే కూర్చోబెడితే ఎవరు నవ్వేవారు?) మగపిల్లాడికేమవుతుందిలే అన్న ధీమా మాత్రం మనదే.

చట్టానిదీ అదే ధీమా. నాటకం మొదట ఆడిన 1892కి ముందటి ఏడాది సమ్మతి వయసుని పది నుంచి పన్నెండుకి పెంచారు, ఆడపిల్లలకే. పద్దెనిమిది నిండని ఎవరినైనా, ఆడైనా మగైనా, పిల్లలుగానే చూసి లైంగిక హింస నుంచి రక్షణ ఇచ్చే పోక్సో చట్టం 2012లో గానీ రాలేదు. దాని ముందు 'వాడే ఒప్పుకున్నాడు' అన్న వాదన చెల్లదు. పదిహేను దాటిన మైనర్ భార్య విషయంలో భర్తకున్న మినహాయింపు పోవడానికి 2017 సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సొచ్చింది.

పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటనో తీసుకోవాలని, పోలీసు యూనిఫాంలో ఉండకూడదని పోక్సో చెబుతుంది. మంచిదే. కానీ ఆ పిల్లలు ఏ మాటల్లో చెప్పాలి? 'చెరిచాడు', 'పాడుచేశాడు' అంటాం. చెడిపోయింది పిల్లే అన్నట్టుంటాయి ఆ మాటలు. మగపిల్లాడికి అవి కూడా లేవు.

వచ్చే తరగతిలో ఆ పెళ్లి ఘట్టాన్ని ముందు మహేశం వైపు నుంచి చదివిస్తాను. ఎవరైనా నవ్వుతారేమో చూడాలి.