కనురెప్పయు, ఱొమ్మునీరును

ఉప్పల్ కూడలి నుండి నాచారమునకు పోవు త్రోవలో ఈ వారము వెలసిన యొక పరీక్షాకేంద్రపు ఫ్లెక్సీని, ఒక్క రక్తపు చుక్కతో దేహమునంతయు చదివి చెప్పెదమను దాని దర్పమును చూచినంతనే, ఈ శీర్షికను విడువక చదువువారు చిరకాలముగా సహించుచున్న నా పాత పాట మరల నోటికి వచ్చినది: వైద్యుని కంటికిని, వ్రేలికిని సాటివచ్చు యంత్రము లేదు.

ఈ పాటకు నేను పిలుచు సాక్షి మల్టిపుల్ మైలోమా. ఎముకల మజ్జయందు ప్లాస్మాకణములు హద్దుమీరి పెరిగి ఒకే తీరు ప్రోటీనును రక్తములోనికి కుమ్మరించు ఈ కాన్సరు సామాన్యముగా నడుమునొప్పిగను, రక్తహీనతగను, మూత్రపిండముల వైకల్యముగను బయటపడును. కాని కొందరిలో ఆ ప్రోటీను శకలములు అమిలాయిడ్‌గా మారి సన్నని నాళముల గోడలయందు పేరుకొని వానిని పెళుసుబార్చుటచేత, గట్టిగా దగ్గినను, కన్ను నులిమినను రెప్పల చుట్టును కమిలిన మచ్చలు తేలును, నాలుక దళసరియై అంచులందు పంటిగాట్లు పడును. చూడనేర్చిన వైద్యుడు గుమ్మములోనే రోగమును అనుమానించును. 1845లో లండను నగరమున ఈ రోగమే పట్టిన మెక్‌బీన్ అను పచారీ వర్తకుని మూత్రమును వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్ కడకు పంపగా, కాచినప్పుడు కరగి చల్లారినప్పుడు మరల పేరుకొను వింత పదార్థము నాయన అందు కనిపెట్టెను. ఎక్స్‌రే పుట్టుటకు అప్పటికింకను అర్ధశతాబ్ది కలదు. రోగి మాత్రము 1846 జనవరి 1న మరణించెను.

ఇంతవరకు పాట శ్రుతిలోనే యున్నది. ఊపిరితిత్తుల కడ అది తప్పినది. మైలోమా రోగులలో నూటికి ఒక్కరికన్న తక్కువమందికి ఆ కణములే ఱొమ్ములోని పొరలకు ప్రాకి నీరు చేర్చును. వ్రేలితో తట్టిచూచినచో నీరున్నదని తెలియును గాని, అది ఏ రోగపు నీరో తెలియదు. పారిశ్రామికవాడ కార్మికుడు దగ్గుచు, చిక్కిపోయి వచ్చినచో ఎవరికైనను మొదట తోచునది క్షయయే; పెక్కుసారులు అదియే నిజమగును. అనుభవజ్ఞుని కన్ను తనకు అలవాటైనదానినే చూచును. పైగా క్షయకు గుర్తుగా నెంచు ఏడీఏ యను ఎంజైము ఈ నీటిలోను హెచ్చుగా నుండవచ్చును. చిక్కు తీర్చునది గాజుపలకపై రంగువేసిన కణమే: కేంద్రకము ఒక ప్రక్కకు ఒదిగియుండు ఆ ప్లాస్మాకణమును పట్టుకొను పెథాలజిస్టు, నేను పండ్లు కొఱికిన ఆ ఫ్లెక్సీ వెనుక గదిలోనే కూర్చుండవచ్చును. అతనిదియు కన్నే గదా! నేను ఇన్నాళ్లు కొనియాడిన విద్య సూక్ష్మదర్శినిపై వంగిన ఆ మనిషికిని చెందును.

కావున పాఠకులకొక మనవి. మీవారి ఱొమ్మున నీరు తీసిననాడు దానిని కణపరీక్షకు పంపితిరా యని వైద్యుని అడుగుడు. క్షయమందులు వాడుచున్నను నీరు మరల చేరుచున్నచో తప్పక అడుగుడు. మందులు మాత్రము మీయంతట మీరు మానకుడు.