వెంగమాంబ కుంకుమ, అక్కయ్యల తెల్లచీర

ధనుర్మాసం వచ్చిందంటే సూర్యాపేటలోనైనా మిర్యాలగూడలోనైనా వైష్ణవాలయాల్లో తెల్లవారకముందే తిరుప్పావై మొదలవుతుంది. భోగినాడు గోదాదేవిని రంగనాథుడికిచ్చి కల్యాణం చేస్తాం, తలంబ్రాలు కళ్లకద్దుకుంటాం. మనిషిని పెళ్లాడనన్న కన్య ఆమె. అదే మాట మన ఇంటి పిల్ల అంటే మాత్రం తట్టుకోలేం. లోకం కుదరదన్నా ఆ మాటే అని, దానిమీదే బతుకంతా నిలబడ్డ స్త్రీలను పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. ఒకరు తరిగొండ వెంగమాంబ. మరొకరు రాఖీ పండగకు ఆఫీసులకు వచ్చి రాఖీలు కట్టే, శివరాత్రికి జెండా ఎగరేసే బ్రహ్మకుమారీ అక్కయ్యలు.

వెంగమాంబ కథ చాలామందికి తెలిసిందే. 1730లో తరిగొండలో పుట్టింది. చిన్ననాడే పెళ్లి, చిన్ననాడే వైధవ్యం. తల గొరిగించుకోమన్నారు, ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనని, ఆయనకు చావు లేదు కనుక తనకు వైధవ్యం లేదని నిలబడింది. జుట్టు, కుంకుమ, గాజులు అన్నీ ఉంచుకుంది. పుష్పగిరి పీఠాధిపతి ఎదుట నిలిచి ఆయన ఖాళీ చేసిన ఆసనానికి నమస్కరిస్తే అది భగ్గుమందని ఐతిహ్యం. ఐతిహ్యంలో నిప్పు ఎంత నిజమో గానీ, ఊరు ఊరంతా ఒక ఒంటరి పిల్ల మీద పడ్డ మాట నిజం.

బ్రహ్మకుమారీల కథ సింధ్ హైదరాబాదులో, 1930ల నడుమ మొదలైంది. వజ్రాల వ్యాపారి లేఖరాజ్ కృపలానీ తన సత్సంగాన్నీ ఆస్తినీ కొందరు స్త్రీల కమిటీ చేతిలో పెట్టాడు. ఓం రాధే అనే యువతి దానికి పెద్దయింది. పెళ్లయిన ఆడవాళ్లు కూడా ఇకపై బ్రహ్మచర్యమే అనడంతో ఇళ్లలో గొడవలు, వీధుల్లో నిరసనలు, కోర్టు కేసులు. సంస్థ కరాచీకి తరలి, 1950లో మౌంట్ ఆబూ చేరింది. వెంగమాంబ మీద బంధువులు, పీఠం కలిసి ఎలా విరుచుకుపడ్డారో, వీళ్ల మీద కులపెద్దలు, భర్తలు అలాగే విరుచుకుపడ్డారు. కాకపోతే ఆమె ఒక్కతే. వీళ్లు గుంపుగా ఉన్నారు. ఈ తేడా చాలా పెద్దది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బట్ట. భర్త పోయిన స్త్రీకి లోకం కట్టబెట్టిన తెల్లచీరను వెంగమాంబ కాదంది. అక్కయ్యలైతే ఆ తెల్లచీరనే కోరి కట్టుకున్నారు, దాన్ని పవిత్రతకు గుర్తు చేసుకున్నారు. ఆమె పునిస్త్రీగా ఉంటానని పట్టుబట్టి గెలిచింది. వీళ్లు పునిస్త్రీ, విధవ అన్న లెక్కే మాకు వర్తించదని గెలిచారు. ఆత్మకు ఆడా మగా లేదని వీళ్ల బోధ. వెంగమాంబకు మాత్రం స్త్రీత్వమే భక్తి. ఆమె స్వామికి అలుగుతుంది, అలంకరిస్తుంది, హారతి పడుతుంది. అయినా, కుమారి తనను తాను శివబాబాకు, అంటే వాళ్లు కొలిచే పరమాత్మకు, అర్పించుకునే సమర్పణ వేడుకను చూడండి. దండలు, ముస్తాబు, కన్నతల్లిదండ్రుల కన్నీళ్లు. పెళ్లి వద్దన్న చోటికి కూడా పెళ్లి వచ్చి కూర్చుంటుంది. దేవుడి పేరు చెబితే తప్ప ఆడపిల్ల ఒంటరి బతుకును ఒప్పుకోని సమాజం మనది. రెండు చోట్లా ఆ పేరే ఆమెకు కవచమైంది.

సాధనలోనూ చుట్టరికం ఉంది. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి వద్ద ఉపదేశం పొందిన వెంగమాంబ యోగిని కూడా. తిరుమల కొండల్లో తుంబురుకోనలో ఏళ్లపాటు తపస్సు చేసిందని చెబుతారు. రాజయోగామృతసారం ద్విపదలో రాసింది. అక్కయ్యలూ రాజయోగమే నేర్పుతారు, అయితే వాళ్లది గుహ యోగం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి అమృతవేళ ధ్యానం, తర్వాత మురళి అనే రోజువారీ బోధ, ఆపై వచ్చిన గృహిణికీ ఉద్యోగికీ ఏడురోజుల కోర్సు. కళ్లు తెరిచే ధ్యానం చేస్తారు. బస్టాండు పక్క సందులో కూడా సాగే సాధన అది.

ఇక మిగిలిందేమిటని అడిగితే తూకం అటూ ఇటూ ఊగుతుంది. వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, యక్షగానాలు, శతకాలు ఇచ్చింది. 1817లో ఆమె పోయినా తిరుమలలో ఏకాంతసేవ వేళ ముత్యాల హారతి ఆమె పేరుతోనే సాగుతోంది. కొండ మీద వేలమందికి అన్నం పెట్టే భవనానికీ ఆమె పేరే. కానీ ఆమె దారిలో నడవడానికి మరో ఆడపిల్లకు ఆమె మఠం కట్టివ్వలేదు. ఆనాడు ఆమెకు అది సాధ్యమయ్యే పనీ కాదు. బ్రహ్మకుమారీలు కట్టారు. దాదీ ప్రకాశమణి, దాదీ జానకి వంటి స్త్రీలు దశాబ్దాలపాటు సంస్థను నడిపారు. జానకి 2020లో నూట నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. పెళ్లి వద్దన్న అమ్మాయికి తిండి, నీడ, పని, గౌరవం దొరికే చోటు అది.

అయితే రోజూ చదివే మురళి వ్యవస్థాపకుడి నోట వెలువడింది, హిందీ నుంచి తెలుగులోకి వచ్చింది. వెంగమాంబ మాట వెంగమాంబదే. అక్కయ్యల సేవకు నేను చేతులెత్తి మొక్కుతాను, కానీ వాళ్ల సొంత గొంతు నాకింకా వినబడలేదు. ఇల్లు ఎందుకు విడిచారు, అమ్మానాన్నలను ఎలా ఒప్పించారు, ఒంటరితనం ఏ వేళ కరిచింది, బాబా ఏ వేళ దగ్గరయ్యాడు, ఇదంతా తరిగొండ బిడ్డ పద్యాల్లో చెప్పుకున్నట్టు వీళ్లు తమ నల్లగొండ తెలుగులో చెప్పుకోవాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అక్కయ్యలారా, మీ కథ మీరే రాయండి. అచ్చు వేయడానికి, చదవడానికి మేమున్నాం.