కృత్తికలు మొలిచే వేళ

మనకు కృత్తిక కార్తె అంటే మే నెల ఎండ. ఆ రోజుల్లో సూర్యుడు కృత్తికల దగ్గరే ఉంటాడు కాబట్టి చుక్కలు కంటికి ఆనవు. ఆయన దాటిపోయాక, జూన్ చివర్లో తెల్లవారుజామున తూర్పున మళ్లీ మొలుస్తాయి. న్యూజిలాండ్‌లో అప్పుడు నడి చలికాలం. అక్కడి మూలవాసులైన మావోరీలు ఆ చుక్కల గుంపును మతారికి అంటారు. చాలామందికి అక్కడినుంచే కొత్త ఏడాది. ఆ సంవత్సరం పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. వండిన వంటల ఆవిరిని చుక్కలకు నైవేద్యంగా వదులుతారు.

ఈ పండుగకు దేశమంతటా సెలవు మొదటిసారి వచ్చింది 2022 జూన్ 24న. న్యూజిలాండ్ పోస్ట్ మతారికి స్టాంపులు వెయ్యడం మాత్రం 2008లోనే మొదలుపెట్టింది. చిన్నప్పటినుంచీ స్టాంపులు దాచుకుంటున్న నాకు ఈ వరస ఎంతో సంతోషం. చట్టం కంటే పద్నాలుగేళ్ల ముందే పండుగ ఉత్తరాలెక్కి ఊళ్లు తిరిగింది.

అంతకుముందు మావోరీలు స్టాంపుల మీద లేరని కాదు. 1935 నాటి వరసలో వేడినీటి బుగ్గ దగ్గర వంట చేసుకుంటున్న మావోరీ స్త్రీ ఉంది, చెక్కడాల ఇల్లు ఉంది, తొమ్మిది పెన్నీల బిళ్ల మీద మావోరీ చెక్కడపు పలక ఉంది. అందమైన ముద్రణే. కానీ అదే వరసలో కివి పక్షి, బల్లిలాంటి టువటారా కూడా ఉన్నాయి. దేశానికొచ్చినవాళ్లకు చూపించే వింతల్లో మనుషులూ ఒక వింతయ్యారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2009 మతారికి స్టాంపుల మీద హెయ్‌టికిలు వచ్చాయి. మెడలో వేసుకునే మనిషి రూపపు పతకాలివి. వీటిలో పేరుపడ్డవి పౌనామూ అనే పచ్చరాతివి. ఆ రాయి దక్షిణ దీవిలో దొరుకుతుంది, మహా గట్టిది. ఇనుము లేని కాలంలో ఇసుకరాయితో, నీళ్లు పోస్తూ, నెలల తరబడి అరగదీసేవారు. ఆ వరసలో పాతవాటి పక్కనే ఈ కాలపు కళాకారులు చేసినవీ ఉన్నాయి. నాకు నచ్చింది అదే. చెయ్యి ఆగలేదని ఆ బిళ్లలే చెబుతున్నాయి.

మరుసటి ఏడు గాలిపటాలు. మతారికి రోజుల్లో మావోరీలు మను తుకుతుకు ఎగరేస్తారు, మనం సంక్రాంతికి ఎగరేసినట్టే. పాతకాలంలో ఔతె చెట్టు బెరడుతో పక్షి ఆకారంలో కట్టేవారు. ఆ చెట్టును వాళ్ల పెద్దలు వెచ్చని దీవులనుంచి పడవల్లో తెచ్చుకున్నారు. కొత్త నేల చలికి అది సరిగా ఎదగలేదు. అప్పటి గాలిపటాలు ఇప్పుడు మ్యూజియముల్లో ఏ కొన్నో మిగిలాయి. వాటిని చూసి, పెద్దల మాట విని, ఈ తరంవాళ్లు మళ్లీ కడుతున్నారు.

మనకూ సంక్రాంతికి అలాంటి వరస ఒకటి రావాలని నా కోరిక. నిమ్మలకుంట తోలుబొమ్మ, చేర్యాల నకాషీ బొమ్మ, ఒక్కో ఏడు ఒక్కో ఊరి పనితనం. బొమ్మ కింద ఊరి పేరుతోపాటు చేసినవాళ్ల పేరూ అచ్చువెయ్యాలి.