ఋగ్వేదపు అంకెలు - మార్క్‌డౌన్ లంకెలు

విజయనగర మహారాజు ఆనందగజపతి పోషణలో మాక్స్ ముల్లర్ సాయణభాష్యసహితమగు ఋగ్వేదమును 1890-92లో నాలుగు సంపుటములుగా పునర్ముద్రించెను. అందు నాసదీయసూక్తమును వెదకుటకు పుటసంఖ్య అక్కరలేదు. పదవ మండలము, 129వ సూక్తము అనిన చాలును. ముద్రణ మారినను ఈ ప్రాచీన సంకేతము మారదు.

నేటి దీర్ఘ సాంకేతిక పత్రములలో ఈ గుణమే తరచు లోపించుచున్నది. 2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన మార్క్‌డౌన్ పద్ధతిలో చూపుడు మాటను చదరపు బ్రాకెట్లలోను, గమ్యము పేరును హాష్ గుర్తుతో గుండ్రని బ్రాకెట్లలోను వ్రాసినచో లంకె యేర్పడును. మూలపద్ధతి శీర్షికలకు గుర్తుపేర్లు పెట్టదు. తరువాతి సాధనములు కొన్ని శీర్షికలోని మాటలనుండియే వానిని పుట్టించును. సౌకర్యము మెచ్చదగినదే, లోపమును అందే కలదు. 'జాగ్రత్తలు' అను శీర్షికను 'ముందు జాగ్రత్తలు' అని దిద్దినంతనే పాత లంకె గురి తప్పును. నొక్కిన పాఠకుడు ఉన్నచోటనే నిలిచిపోవును. పైగా తెలుగు అక్షరములను ఒక సాధనము నిలుపగా, మరొకటి తొలగించును.

ఆమ్లములతో చేయు ప్రయోగమును వివరించు పత్రములో ఆ లంకె తెగుట అలంకారలోపము కాదు, ప్రమాదహేతువు. కావున ముఖ్యవిభాగములకు శీర్షికతో నిమిత్తములేని స్థిరమైన గుర్తుపేరును విడిగా నిలుపుట, దిద్దిన ప్రతిసారి లంకెలను నొక్కి చూచుట అవసరము. శీర్షిక చదువుటకు, గుర్తు చేరుటకు. రెండు పనులను ఒకే మాటపై మోపరాదు.