మసకలోంచి రూపం రాబట్టే విద్య

ఒక ప్రోటీన్ అణువును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఫోటో తీస్తే మొదట కనబడేది బూడిదరంగు మసక. లోపం మైక్రోస్కోప్‌ది కాదు. ఎలక్ట్రాన్లు ఎక్కువగా తగిలితే అణువు దెబ్బతింటుంది కాబట్టి, చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు కొన్ని పదుల ఎలక్ట్రాన్లతో సరిపెట్టుకోవాలి. అంత తక్కువ మోతాదుతో తీసిన ఫోటోలో అణువు రూపం కంటే నాయిస్‌దే పైచేయి. ఆ మసకలోంచి పరమాణువుల అమరికను రాబట్టడం సాఫ్ట్‌వేర్ పని. రూపాన్ని తేటగా చూపించడం ఈ విద్యలో సగమే. లేని రూపాన్ని చూపించకుండా తనను తాను అదుపులో పెట్టుకోవడం మిగతా సగం, దాని అసలు గొప్పతనం కూడా.

దీనికి పునాది 1968లో కేంబ్రిడ్జ్‌లో పడింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలో అణువు లోతంతా ఒకే తలం మీదికి అణిగిపోయి కనబడుతుంది. అలాంటి ఒక్కో బొమ్మకూ ఫోరియర్ రూపాంతరం తీస్తే, అంటే బొమ్మను అలలుగా విడగొట్టి లెక్కిస్తే, అది మూడు కొలతల రూపాంతరంలో కేంద్రం గుండా పోయే ఒక కోత అవుతుంది. వేర్వేరు దిక్కుల కోతలను కూర్చి, లెక్కను వెనక్కి తిప్పితే అసలు ఆకారం వస్తుంది. డేవిడ్ డిరోజియర్, ఆరన్ క్లూగ్ ఈ పద్ధతిని టీ4 అనే వైరస్ తోక మీద ప్రయోగించి చూపారు. ఆ తోకలో ప్రోటీన్లు మరమెలికగా పేర్చి ఉండటంతో, ఒకే బొమ్మలో అవి అనేక దిక్కుల నుంచి దొరికాయి. 1975లో రిచర్డ్ హెండర్సన్, నైజెల్ అన్విన్ కలిసి స్ఫటికంలా వరుసకట్టిన ఒక పొర ప్రోటీన్ ఆకృతిని ఇదే దారిలో రాబట్టారు.

కానీ చాలా అణువులు మెలికగానూ ఉండవు, వరుసకూ రావు. విడివిడిగా, ఇష్టం వచ్చిన దిక్కుకు తిరిగి ఉంటాయి. వాటి సంగతి పట్టించుకున్నవాడు జర్మనీ నుంచి అమెరికా వెళ్లి ఆల్బనీలో పనిచేసిన జోవాకిమ్ ఫ్రాంక్. ఒకే అణువు బొమ్మలను వేల సంఖ్యలో పోగుచేసి సగటు తీస్తే నాయిస్ తగ్గుతుంది. బొమ్మల సంఖ్యకు వర్గమూలం ఎంతో, స్పష్టత అంత పెరుగుతుంది. 10,000 బొమ్మలు కలిపితే 100 రెట్లు. ఏ బొమ్మలు ఒకే దిక్కువో తేల్చడానికి ఫ్రాంక్, మారిన్ వాన్ హీల్ 1981లో గణాంక పద్ధతిని తెచ్చారు. ఫ్రాంక్ బృందం స్పైడర్ సాఫ్ట్‌వేర్, వాన్ హీల్ ఇమాజిక్ సాఫ్ట్‌వేర్ వెలువడ్డది కూడా ఆ ఏడాదే. స్పైడర్‌లో చిన్న చిన్న ఆదేశాలను కలుపుకుని ఎవరికి కావలసిన లెక్కను వారు కూర్చుకోవచ్చు. మరోపక్క హైడెల్‌బర్గ్‌లో జాక్ డుబోషే, నీరు స్ఫటికాలు కట్టేలోపే గడ్డకట్టించి అణువులను చెదరకుండా నిలిపే దారి చూపాడు. 2017 రసాయనశాస్త్ర నోబెల్‌ను డుబోషే, ఫ్రాంక్, హెండర్సన్ పంచుకున్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. బొమ్మ ఏ దిక్కుదో తెలియాలంటే అణువు ఆకారం తెలియాలి. ఆకారం తెలియాలంటే దిక్కులు తెలియాలి. చెట్టు ముందా, విత్తు ముందా? అందుకని సాఫ్ట్‌వేర్ ఒక ముతక నమూనాతో మొదలుపెడుతుంది. ప్రతి బొమ్మనూ దానితో పోల్చి దిక్కు అంచనా వేస్తుంది, కొత్త ఆకారం కడుతుంది, మళ్లీ పోలుస్తుంది. ప్రమాదమంతా ఈ పోల్చడంలోనే ఉంది.

వట్టి చుక్కలే తప్ప ఏ రూపమూ లేని వెయ్యి బొమ్మలు తీసుకుని, ఐన్‌స్టీన్ ఫోటోను నమూనాగా ఇవ్వండి. ఒక్కో బొమ్మనూ అటూ ఇటూ జరిపి, ఫోటోతో బాగా కలిసే చోట ఆపమనండి. యాదృచ్ఛికంగా ఒకదాంట్లో మీసం పోలిక, ఇంకోదాంట్లో కంటి పోలిక ఎంతో కొంత దొరుకుతుంది. కంప్యూటర్ దాన్నే ఏరుకుంటుంది. అన్నింటికీ సగటు తీస్తే ఐన్‌స్టీన్ ముఖం ప్రత్యక్షమవుతుంది! ఆ ముఖం వచ్చింది బొమ్మల్లోంచి కాదు, మనం ఇచ్చిన నమూనాలోంచి. హెచ్.ఐ.వి. ఉపరితల ప్రోటీన్ మీద వెలువడిన ఒక నిర్మాణాన్ని ప్రశ్నిస్తూ 2013లో హెండర్సన్ ఈ ఉదాహరణతోనే హెచ్చరించాడు.

దీనికి విరుగుడు తేలికగా కనబడుతుంది కానీ నిష్ఠ కావాలి. బొమ్మలను మొదట్లోనే రెండు సగాలు చేసి, చివరిదాకా ఒకదాని ప్రభావం రెండోదాని మీద పడకుండా రెండు ఆకారాలు కడతారు. నిజమైన వివరం రెండింట్లోనూ ఉంటుంది, నాయిస్ దేనికదే. సూక్ష్మత పెరిగేకొద్దీ రెండు ఆకారాల పొంతన తగ్గుతూ వస్తుంది. అది 0.143కి పడిపోయే చోట గీత గీసి, అంతవరకే నమ్ముతారు. 2012లో కేంబ్రిడ్జ్‌లో శోర్స్ షెరెస్ తెచ్చిన రిలయాన్ సాఫ్ట్‌వేర్ ఈ నిష్ఠను పద్ధతిలోనే ఇమిడ్చింది. బొమ్మకు ఒకే దిక్కు ఖాయం చేయకుండా, వీలున్న దిక్కులన్నింటికీ సంభావ్యతను పంచుతుంది. ఏ వివరాన్ని ఎంత నమ్మాలో కూడా డేటా నుంచే లెక్కగడుతుంది. అంతకుముందు అది చాలావరకు వాడేవారి అంచనా మీదే ఆధారపడేది.

ఆ రోజుల్లోనే ఎలక్ట్రాన్లను నేరుగా పట్టే డిటెక్టర్లు వచ్చాయి. ఫోటోకు బదులు చిన్న వీడియో తీసి, కిరణం తాకిడికి కదిలిన అణువులను ఫ్రేము వెంట ఫ్రేముగా సర్దడం సాధ్యమైంది. 2013లో మిరపకాయ మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 ప్రోటీన్ 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో దొరికింది. 2020 మొదట్లో కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్ రూపం ప్రపంచానికి అందిందీ ఈ దారిలోనే. అదే ఏడాది అపోఫెరిటిన్ అనే ప్రోటీన్‌లో విడివిడి పరమాణువులు కనబడ్డాయి.

రిలయాన్ కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఎంపియార్ అనే భాండాగారంలో దాచిన ముడి చిత్రాలతో ఇంకొకరి లెక్కను మొదటి నుంచీ సరిచూడొచ్చు. ఇప్పుడు అణువులను గుర్తించడానికి, నాయిస్ తగ్గించడానికి కృత్రిమ మేధ కూడా వచ్చింది. నేర్చుకున్నదాన్నే కొత్త బొమ్మలో చూసే ప్రమాదం దానికీ ఉంది. కనబడిన ప్రతి వివరాన్నీ ‘నువ్వు డేటాలోంచి వచ్చావా, మా నమ్మకంలోంచి వచ్చావా?’ అని నిలదీయడం ఈ సంప్రదాయం నేర్పిన పాఠం. ఈ సాఫ్ట్‌వేర్ చూపిన రూపాన్ని నమ్మి మందులు, టీకాలు తయారుచేస్తున్నారు కాబట్టి, పనిముట్లు ఎన్ని మారినా ఆ ప్రశ్నను మాత్రం వదలకూడదు.