పేరు, పచ్చబొట్టు, జైలు

నయీబ్ బుకెలే. ఈ పేరు మొదటిసారి విన్నప్పుడు మావాడేనేమో అనుకున్నాం. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశానికి అధ్యక్షుడాయన. తండ్రి అర్మాండో బుకెలే పాలస్తీనా మూలాలున్న మనిషి, ఇస్లాం స్వీకరించి అక్కడ మసీదులు కట్టించినవాడు. కొడుకు అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు మసీదులో ఉన్న ఫోటోలు చూపించి అనుమానించారు. ఏం చేశాడని అడగలేదు, ఎవరికి పుట్టాడని అడిగారు. ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. 2019లో గెలిచిన ఆ మనిషే తర్వాత తన దేశంలోని పేద బస్తీల పిల్లల్ని అదే ప్రశ్న అడిగాడు. మేం మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. అక్కడి ముఠాల దౌర్జన్యం కట్టుకథ కాదు. 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధానికి భయపడి లాస్ ఏంజెలెస్‌కు పారిపోయిన కుటుంబాల పిల్లలు అక్కడి వీధుల్లో ముఠాల్లో చేరారు. అమెరికా వాళ్లను పట్టి వెనక్కి పంపింది. ఎమ్మెస్-13, బారియో-18 అలా దేశంలో వేళ్లూనుకున్నాయి. 2015 ఒక్క ఏడాదిలోనే ఆరు వేలమందికి పైగా హత్యకు గురయ్యారు. బస్సు నడపాలన్నా, చిన్న దుకాణం పెట్టుకోవాలన్నా ముఠాకు మామూలు కట్టాల్సిందే. 2024లో ప్రభుత్వ లెక్క ప్రకారం హత్యలు 114. పిల్లలు నిర్భయంగా వీధిలో ఆడుకుంటుంటే సంతోషించే తల్లిని తప్పుపట్టే హక్కు మాకు లేదు.

కానీ ఈ ప్రశాంతతకు ఎవరు మూల్యం చెల్లించారు? 2022 మార్చి చివర్లో మూడు రోజుల్లో 87 మంది హతులయ్యారు. ముఠాలతో ప్రభుత్వం చేసుకున్న రహస్య ఒప్పందం చెడడం వల్లే ఇది జరిగిందని ఎల్ ఫారో పత్రిక రాసింది. మార్చి 27న అత్యవసర స్థితి వచ్చింది. ముప్పై రోజులకని తెచ్చి, నెలనెలా పొడిగిస్తూ ఏళ్లు గడిపారు. అరవై లక్షల పైచిలుకు జనాభాలో 85 వేలమందికి పైగా అరెస్టయ్యారు. వారంటు లేకుండా తీసుకుపోయారు. పదిహేను రోజుల దాకా జడ్జి ముందు పెట్టనవసరం లేదన్నారు. ఒకే కేసులో తొమ్మిది వందలమందిని కలిపి విచారించొచ్చని 2023లో చట్టం చేశారు.

పట్టుకోవడానికి ఏం చూశారు? పచ్చబొట్టు. ఉంటున్న బస్తీ. పేరు చెప్పనివాడెవడో ఫోన్లో చెప్పిన మాట. ఇంతమందిని పట్టాలని పైనుంచి కోటాలు పెట్టారని పోలీసులే బయటపెట్టారు. ఎనిమిది వేలమంది నిర్దోషుల్ని వదిలేశామని 2024లో బుకెలేనే చెప్పాడు. అదే ఏడాది జూలై నాటికి కస్టడీలో కనీసం 261 మంది చనిపోయారని క్రిస్టోసాల్ అనే హక్కుల సంఘం లెక్క తేల్చింది. చనిపోయినవాళ్లను ఎవరు వదిలేస్తారు?

పైగా ఇది కొత్త మందేం కాదు. 2003లో 'మానో దురా' పేరుతో పచ్చబొట్టు చూసి అరెస్టులు చేశారు. 2004లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఖైదీలను ముఠాలవారీగా జైళ్లకు పంచడంతో ముఠాలు లోపలే బలపడ్డాయి.

మన దేశంలో టాడా కింద 70 వేలమందికి పైగా అరెస్టయ్యారు. శిక్షపడ్డవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. 1995లో ఆ చట్టానికి గడువు తీరింది. లోపలికెళ్లి వచ్చినవాళ్ల మీద అనుమానానికి మాత్రం గడువు తీరలేదు.

అందుకే బుకెలేని మావాడని చెప్పుకోలేం. ముఠా చంపిన కొడుకు కోసం ఏడ్చే తల్లి మా మనిషి. పోలీసులు పట్టుకుపోయిన కొడుకు బతికున్నాడో లేదో తెలియక జైలు గేటు ముందు నిలబడ్డ తల్లీ మా మనిషే. ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమనే రాజ్యాన్ని మేం నమ్మం. హంతకుణ్ణి పట్టండి, రుజువు చేయండి, శిక్షించండి. ఒంటిమీది గుర్తునీ ఇంటి అడ్రసునీ మాత్రం నేరమనకండి.